మోచేతిదాకా మనుషులు

మా వదిన చచ్చిపోయిన మనిషికి అన్నం పెట్టింది. ఏదో ఒకపూట కాదు, చాలా రోజులు పెట్టింది. పైగా ఆకుకూర వదిలేస్తున్నాడని ఆ చచ్చినవాణ్ణి నానా చీవాట్లూ పెట్టింది.

సరే, పైకెత్తిన కనుబొమలు దించండి. చచ్చిపోయినవాడు అనడం కాస్త ఎక్కువే. ఆ రోజుల్లో మా బస్సు డిపో అంతా అలాగే నమ్మింది కాబట్టి అన్నాను. ఆ మనిషి అప్పటికి బతికే ఉన్నాడు. కనీసం మొదటివాడు బతికే ఉన్నాడు. రెండోవాడి సంగతి చివర్లో చెబుతాను. నేను చదివింది కాన్వెంటులో. అబద్ధమాడితే నాలుక మీద పుళ్ళు లేస్తాయని సిస్టర్లు బెదిరించేవారు. నాకు నెలకోసారి నోటిపూత వచ్చేది కాబట్టి ఆ మాట గట్టిగా నమ్మాను. నోటిపూత అబద్ధాల వల్ల రాదనీ, పళ్ళెంలో పప్పూ ఆకుకూరా పక్కకు నెట్టేయడం వల్ల వస్తుందనీ నాకు మొదట చెప్పింది మా వదినే. ఆమె ధర్మమా అని అప్పట్నుంచీ ధైర్యంగా మాట్లాడుతున్నాను.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. సాయంత్రం కొండదారిన వెళ్ళే బండి ఆయనది. నేను అదే డిపోలో గేటు పక్క గదిలో కూర్చునే టైంకీపర్ని. మా వదిన ఆ డిపో క్యాంటీన్లో వడ్డించేది. ముగ్గురం ఒకే ఇంట్లోంచి వచ్చి ఒకే గేట్లోకి నడిచేవాళ్ళం.

ఆ క్యాంటీను మొదట్లో డీజిలు పీపాలు దాచే గోదాము. నిప్పంటుకున్నా అవతలికి పాకకూడదని గోడ జానెడు మందాన కట్టారు. తర్వాత ఏ మహానుభావుడికో అందులో వంట పెట్టాలని బుద్ధి పుట్టింది. వడ్డించడానికి గోడలో ఒక కంత కొట్టించి, దానికొక రేకు మూత బిగించారు. కంత అంటే కంతే. రొమ్మెత్తున, ఒక పళ్ళెం, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి దూరేంత. నడవాలో వరసగా నిలబడి, గోడజిడ్డు అంటకుండా చొక్కా చెయ్యి మడుచుకుని, భోజనం టోకెను వేసిన పళ్ళెం పట్టుకుని, మోచెయ్యి అవతల తేలేదాకా లోపలికి దూర్చాలి. అవతల వదిన నిలబడేది. ఆమెకి మన మొహం కనపడదు. మనకి ఆమె మొహం కనపడదు. కాసేపటికి చెయ్యి బరువెక్కుతుంది, వెనక్కి లాక్కుంటే పళ్ళెంలో అన్నం ఉంటుంది.

మాట కూడా వినపడేది కాదు. అటుపక్క పొగ లాగే ఫ్యాను, ఇటుపక్క వర్క్‌షాపులో ఇంజన్ల రొద. అందుకని అందరూ వేళ్ళతోనే మాట్లాడేవారు. చూపుడు వేలు ఆడిస్తే ఇంకొంచెం. పిడికిలి బిగిస్తే చాలు. పళ్ళెంలో కూర పడే చోట బొటనవేలు అడ్డం పెడితే కూర వద్దు అని.

కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు కెవ్వుమనేవారు. ఎందుకంటే లోపలికి పెట్టిన చేతిని గోడ పట్టుకునేది. పట్టుకుని, గోళ్ళు తిప్పి చూసి, ముంజేతి మీద చర్మం గిల్లి, అప్పుడు వదిలేది.

ఇదెలా మొదలైందంటే, ఒకసారి నర్సమ్మ ఒకావిడ వచ్చి క్యాంటీను వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, రంగుల బొమ్మలు చూపించి, ఏ తిండి తక్కువైతే ఒంట్లో ఎక్కడ బయటపడుతుందో చెప్పింది. మిగతావాళ్ళు కునికారు. మా వదిన మాత్రం తనకి కనపడే మేరకి, అంటే మోచేతిదాకా, పాఠం బుర్రకెక్కించుకుంది. గోళ్ళు పాలిపోయి, నడుమ చెంచాలా గుంటపడితే ఒంట్లో రక్తం తక్కువ. ఆ పళ్ళెంలో రెండు గరిటెల ఆకుకూర పడేది, పైన అరచెక్క నిమ్మకాయ పిండేది. ఆకుకూరలో సత్తువ ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలట. తిన్న వెంటనే టీ తాగితే ఆ పట్టేదాన్ని టీ ఎగరేసుకుపోతుందట. ఆ మాట గోడలోంచి చెప్పలేక నాతో కబురంపేది. చర్మం గిల్లితే గిల్లినచోటే నిలబడిందంటే వాడు నీళ్ళు తాగడం లేదని లెక్క. డ్రైవర్లు అంతే, దారిలో బండి ఆపాల్సొస్తుందని నోరు కట్టేసుకుంటారు, తర్వాత మూత్రంలో రాళ్ళని ఏడుస్తారు. వాళ్ళ చేతికి ముందు గ్లాసు అందేది. ఖాళీ గ్లాసు వెనక్కి వస్తేనే అన్నం.

అన్నీ సరిగ్గా చెప్పేసేదని మాత్రం అనుకోకండి. గోళ్ళు నల్లబడ్డాయని ఒక మెకానిక్కుకి ఒక కాలమంతా ఆకుకూర దంచి పోసింది. చివరికి అది గ్రీజు.

"గ్రీజు అయితే అయింది, దాని అడుగున రక్తం తక్కువే" అని కొట్టిపారేసింది.

మనుషులు చిత్రమైనవాళ్ళు. జబ్బు రాకుండా పెట్టిన తిండిని జబ్బు పంపిన శుభలేఖ అనుకున్నారు. పళ్ళెంలో రెండో గరిటె పడిందంటే మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. "నాకు రెండు పడ్డాయిరా" అని ఒకడు గుసగుసగా చెబితే, చుట్టూ ఉన్నవాళ్ళు నెమ్మదిగా దూరం జరిగేవారు. వాడు భయపడి ఆ కూర పారబోసేవాడు. పారబోసినవాడికి నిజంగానే కళ్ళు తిరిగేవి. "చూశారా, గరిటె చెప్పింది!" అనేవారు. తిన్నవాడికి ఏమీ అయ్యేది కాదు. ఏమీ కాకపోవడం ఎవరి కంటా పడదు కదా.

డిపోలో వైద్యానికి ఇంకో పీఠం కూడా ఉండేది. విడిభాగాల స్టోర్సు చూసే పెద్దమనిషిని అందరూ ధన్వంతరి అనేవారు. ఆయన వైద్యమంతా ఒక్కటే ముక్క: మానెయ్. కీళ్ళనొప్పా, పప్పు మానెయ్. జలుబా, పెరుగు మానెయ్. కడుపులో మంటా, నూనె, గుడ్డు, ఆకుకూర, పసుప్పచ్చగా ఉన్నవన్నీ మానెయ్.

"అలా మానేసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఊపిరి" అనేది వదిన. "అదీ మానేస్తే ఇక ఏ జబ్బూ దగ్గరికి రాదు."

ఇదంతా ఇలా ఉండగా ఆ చెయ్యి వచ్చింది.

ముసురు పట్టిన రోజులు. సాయంత్రం బళ్ళు కదలబోయే ముందు క్యాంటీను మూసేవారు. వదిన కంతకి రేకు మూత సగం దించింది. నడవాలో ఎవరూ లేరు. అప్పుడు కంత అంచు మీద వేళ్ళు కనిపించాయట. పళ్ళెం లేదు, చెయ్యి లేదు, వట్టి వేళ్ళు. అవి అంచు పట్టుకుని గోడ మీద అటూ ఇటూ మెల్లగా పాకాయి. కంత ఎంత వెడల్పో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కొలుచుకున్నట్టు తడిమాయి. తర్వాత వెనక్కి వెళ్ళి, పళ్ళెంతో వచ్చాయి.

పళ్ళెంలో టోకెను లేదు. కూర పడే చోట బొటనవేలు అడ్డంగా ఉంది.

వదిన వట్టి అన్నం పెట్టి, అలవాటుగా ఆ చేతిని పట్టుకుని తిప్పింది. మోచేతి మీదా, దాని వెనకా చర్మం గరుకు కాగితంలా ఉంది. చిన్న చిన్న గింజలు, ఒకదాని పక్కన ఒకటి, ఎండిపోయి, గుచ్చుకుంటూ. అరచేతిలో బొటనవేలి మొదట్లో స్టీరింగు రాపిడికి కాసిన కాయ. చెయ్యి చల్లగా ఉంది. ఆమె గింజల మీద వేలు పెట్టగానే అది అన్నం పళ్ళెంతో సహా గోడలోకి మాయమైంది.

ఆ రాత్రి ఇంట్లో నాకు వడ్డిస్తూ, గరిటె గిన్నెలోనే వదిలేసి కూర్చుండిపోయింది. అన్నయ్య బండి మీద ఉన్నాడు.

"ఏమయ్యా, మన డిపోలో ఒక డ్రైవరుకి మసకవేళ కళ్ళు కనపడటం లేదు" అంది.

"ఎవరికి?"

"చేతికి."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"నర్సమ్మ బొమ్మ చూపించింది. చర్మం అలా తిరిగిందంటే రేచీకటి దాని వెనకాలే నిలబడి ఉంటుందంది. పగలు అన్నీ కనపడతాయి. వెలుగు తగ్గిందా, గోడ కట్టేసినట్టే. ఆ చెయ్యి కంతని తడుముకుంటోందయ్యా. అది స్టీరింగు పట్టే చెయ్యి. ఇప్పుడు, నువ్వు ఇక్కడ అన్నం కలుపుకుంటున్నావే, ఈ వేళప్పుడు బండి నిండా జనాన్ని ఎక్కించుకుని ఏ మలుపులోనో తిరుగుతోంది."

కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను.

"మేనేజరుకి చెబుదాం వదినా."

"ఏమని చెబుతావు? ఫలానా చేతిని ఉద్యోగంలోంచి తీసెయ్యండి అనా? ముందు దాని వెనక మనిషెవరో కనుక్కో."

మర్నాడు గేటు దగ్గర నిలబడి, డిపోలో ఏదో దద్దుర్ల జబ్బు తిరుగుతోందని పుకారు పుట్టించి, డ్యూటీ ఎక్కే ప్రతి డ్రైవరు మోచెయ్యీ చూశాను.

"ఏంటి టైంకీపరు గారూ, పెళ్ళిచూపులా?" అన్నాడొకడు.

"ఎడంచెయ్యి కూడా చూడండి సార్, అది దీనికంటే అందంగా ఉంటుంది" అన్నాడు ఇంకొకడు.

అందరివీ నున్నగా ఉన్నాయి. నా సొంత అన్నయ్య మాత్రం "ఏంట్రా ఈ వెర్రి?" అని నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నేనూ పోనిచ్చాను. అన్నయ్య క్యాంటీను వరసలో ఎప్పుడూ నిలబడడు. ఆయనకి రోజూ వదిన డబ్బా కడుతుంది. గుడ్డు, గుమ్మడికాయ, ఆకుకూర, పప్పు, అన్నీ కుక్కి. ఆ డబ్బా రోజూ కడిగినట్టు తళతళలాడుతూ తిరిగొచ్చేది. "ఈమధ్య మీ అన్నయ్యకి ఆకలి బాగా పుట్టింది" అని వదిన మురిసిపోయేది.

బతికున్న డ్రైవర్లలో ఎవడిదీ కాదన్న మాట స్టోర్సుకి చేరింది. ధన్వంతరి కళ్ళజోడు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"అయితే బతకని డ్రైవరుదే."

ఏళ్ళ కిందట ఒక డ్రైవరు, వర్షం రోజున, సరిగ్గా ఈ వేళప్పుడే, పళ్ళెంలో అన్నం వడ్డించి ఉండగా తినకుండానే బండెక్కి పోయాడట. కొండదారిలో రాళ్ళ క్వారీ మలుపు దగ్గర బండి దారి వదిలేసింది. జనం గీరుకుపోయి బయటపడ్డారు. ఆయన పడలేదు. క్యాంటీన్లో ఆ పళ్ళెం మర్నాటిదాకా అలాగే ఉందిట, అన్నానికి చీమలు కూడా పట్టలేదుట. "ఆ బాకీ అన్నం కోసం వస్తున్నాడు" అన్నాడు ధన్వంతరి. ఆ సాయంత్రం నుంచి మూసే వేళకి నడవాలో పిల్లి కూడా తిరగలేదు. నడవా బల్బు పోతే మార్చడానికి ఎలక్ట్రీషియను రానన్నాడు.

వదినకి ఈ కథ చెప్పాను.

"చచ్చినవాడికి మోచేతి మీద గింజలెందుకొస్తాయి?"

"ఏమో వదినా, నేను చచ్చి చూడలేదు."

"వచ్చినా సరే. ఒంట్లో లేనిది పెడితే పోయేదేముంది? ఎవడైతేనేం, తినకపోతే ఎలా?"

మర్నాడు గుమ్మడికాయ ముద్దా ఆకుకూరా మెత్తగా కలిపి, పళ్ళెంలో అడుగున పరిచి, పైన తెల్లటి అన్నం కప్పి పెట్టింది. చెయ్యి వచ్చింది, తడిమింది, తీసుకుపోయింది. కాసేపటికి ఖాళీ పళ్ళేల తొట్టిలో ఆ పళ్ళెం దొరికింది. అన్నం ఒక్క మెతుకు లేదు. అడుగునున్న కూరని వేలితో తీసి, ఒక పక్కకి నెట్టి, పొడుగ్గా పేర్చి ఉంది, అచ్చం చిన్న సమాధిలా. అందరూ దాన్ని చూసి బెదిరిపోయారు. వదినకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. తన వంటకి అంత అవమానం ఎన్నడూ జరగలేదట.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో వింత కబురు చేరింది. కొండదారి బండిలో వచ్చే ముసలావిడ ఒకతె గేటు దగ్గర ఆగి అడిగింది. "మీ కండక్టరు బాబు దీక్ష ఏమైనా పట్టాడా? చీకటి పడ్డం ఆలస్యం, వెళ్ళి డ్రైవరు పక్కన నిలబడి చెవిలో మంత్రాలు చదువుతాడు. బండి నత్తలా పాకుతుంది. ఎవరైనా మాట్లాడితే ఉష్ అంటాడు."

అన్నయ్య బండి కండక్టర్ని ఈల అనేవారు. చిన్న మాటకీ పెద్ద మాటకీ ఈల ఊదడం వాడి గుణం. ఒకప్పుడు పుల్లలా ఉండేవాడు, ఇప్పుడు బుగ్గలు మెరుస్తూ బూరెల్లా ఉన్నాయి. వాడికి భక్తి ముదిరిందేమో అనుకుని ఊరుకున్నాను.

ముసురు ఇంకా ముదిరింది. ఒకరోజు మధ్యాహ్నం నుంచే దీపాలు పెట్టాల్సొచ్చింది. కొండదారి బండి నిండిపోయింది, కిటికీల్లోంచి గొడుగుల నీళ్ళు కారుతున్నాయి. వదిన నన్ను వంటగదిలోకి పిలిచి కంత పక్కన నిలబెట్టింది.

"ఇవాళ నేను వదలను. నేను పట్టుకున్నాననగానే నువ్వు అటు చుట్టుతిరిగి వెళ్ళి మొహం చూడు."

"నిజంగా ఆ చచ్చినవాడే అయితే?"

"అయితే నమస్కారం పెట్టి, భోంచేసి వెళ్ళమను."

వేళ్ళు వచ్చాయి. నేను చూడటం అదే మొదటిసారి. గుడ్డి సాలీడులా అంచు వెంట పాకుతున్నాయి. రేకుకి తగిలినప్పుడు ఆగి, ఏదో వింటున్నట్టు నిలబడి, మళ్ళీ కదులుతున్నాయి. పళ్ళెం వచ్చింది. వెనకాల మోచెయ్యి వచ్చింది. వదిన గరిటె కింద పడేసి, రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుంది. పళ్ళెం గల్లుమంది. చెయ్యి గింజుకుంది.

"వెళ్ళవయ్యా! వెళ్ళు!"

చేతులు కడుక్కునే తొట్ల పక్కనుంచి చుట్టుతిరిగి నడవాలోకి పరిగెత్తాను. బల్బు లేదు. దూరంగా తలుపులోంచి వచ్చే బూడిదరంగు వెలుతురు మాత్రం ఉంది. గోడకి ఒళ్ళానించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి భుజందాకా గోడలో ఉంది. మొహం నావైపే తిరిగి ఉంది, కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి.

మా అన్నయ్య.

నన్ను సూటిగా చూశాడు. మా మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. ఆ కళ్ళు నా మొహం మీదుగా, నా వెనక గోడ మీదుగా మెల్లగా జరిగి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఎవరది?" అన్నాడు.

నా తోడబుట్టినవాడు నన్ను ఎదురుగా చూస్తూ ఎవరని అడుగుతున్నాడు.

"ఈలా, నువ్వేనా? బండి టైమైందా? చెయ్యి ఇరుక్కుందిరా, పట్టు" అని ఎడంచెయ్యి నాకోసం గాల్లోకి చాపాడు. అది నాకు ఇవతలగా, ఖాళీలో ఆగింది.

"అన్నయ్యా" అన్నాను.

ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

గోడ అవతల్నుంచి వదిన అరుపు, నూతిలోంచి వచ్చినట్టు. "ఎవరయ్యా? ఎవరో చెప్పు!"

"చెప్పొద్దురా" అన్నాడు అన్నయ్య. "ఉద్యోగం పోతుంది. ఇంకెప్పుడూ రానని చెప్పి వదిలెయ్యమను."

బయట కొండదారి బండి దగ్గర ఈల మోగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బండి నిండా జనం. నేను కళ్ళు మూసుకుని, ఆ జనం మొహాలు తలుచుకుని, గోడకేసి అరిచాను.

"చెయ్యి వదలకు వదినా! అది మనింటిదే!"

అవతల చప్పుడు ఆగిపోయింది. ఆమె రోజూ కొన్ని వందల చేతుల్ని చూసి మనుషుల్ని పోల్చుకునేది. ఇంట్లో మాత్రం ఆయన మొహం చూసేది, మాట వినేది. ఆ చేతికేసి ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ గోడకి చెరోపక్కా అలాగే నిలబడిపోయారు. అన్నయ్య భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆమె మాత్రం వదల్లేదు. ఆ రోజు బండి ఇంకొక డ్రైవరు తీసుకెళ్ళేదాకా వదల్లేదు.

జరిగింది ఇదీ. అన్నయ్యకి కడుపులో మంట పుట్టింది. ఆ మంటకి అసలు మూలం పొద్దున్నే ఖాళీ కడుపులో పోసుకునే కడివెడు టీ. ధన్వంతరి దగ్గరికి వెళ్తే టీ తప్ప అన్నీ మానెయ్యమన్నాడు. ఆ సంగతి వదినకి చెబితే చంపేస్తుందని డబ్బా తీసుకెళ్ళి ఈలకి ఇచ్చేవాడు. తనకి మూసే వేళకి కంతలోంచి తెచ్చుకునే వట్టి తెల్లన్నం చాలు. పాలు లేవు, గుడ్డు లేదు, ఆకు లేదు. పోనుపోను చర్మం గరుకెక్కింది, సాయంత్రాలు నల్లబడ్డాయి. అప్పటికి కండక్టరు కళ్ళు కావలసొచ్చాయి. "ఎడమకి, ఎడమకి, మలుపు, ఎదురు లారీ, ఆగు" అని చెవిలో చెప్పే మంత్రానికి దక్షిణ మా వదిన డబ్బా.

ఈలని వదిన ముందు నిలబెట్టాం. ఆమె మొహం వాడు అదే మొదటిసారి చూడటం.

"నేనేం చేశానక్కా? అన్న చూపు అడిగాడు, అరువిచ్చాను."

"నా గుడ్డూ నా గుమ్మడికాయా మెక్కి, గుడ్లగూబలా చూపు పెంచుకుని, దాన్నే ఆయనకి అద్దెకిచ్చావన్నమాట! మోచేతి నీళ్ళు తాగడం విన్నాను గానీ, మొగుడి కళ్ళు డబ్బాలో పెట్టి నేనే నీకు పంపడం ఇప్పుడే చూస్తున్నాను."

అన్నయ్య తానే వెళ్ళి మేనేజరుకి చెప్పుకున్నాడు. ఉద్యోగం తీసెయ్యలేదు, చూపు వచ్చేదాకా వర్క్‌షాపులో పగటి పని ఇచ్చారు. డాక్టరు కళ్ళు పరీక్ష చేసి, బిళ్ళలిచ్చి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే నల్లగుడ్డు చెడేదన్నాడు. మిగతా మందు మీ వంటింట్లోనే ఉంది పొమ్మన్నాడు. వదిన గుడ్డులో పచ్చసొన, క్యారెట్టు, గుమ్మడి, ఆకుకూర, వాటిమీద చెంచాడు నూనె, అన్నీ ఎదురుగా కూర్చుని తినిపించింది. నూనె లేకపోతే కళ్ళకి పనికొచ్చేది ఒంటికి పట్టదట. పొద్దుటి టీ మాత్రం మాన్పించింది. జీవితంలో ఆమె మాన్పించిన వస్తువు అదొక్కటే.

రోజూ పొద్దువాలే వేళకి పెరటి మెట్ల మీద అన్నయ్యని కూర్చోబెట్టి, దీపం పెట్టకుండా, ఎదురుగా నిలబడేది. "ఏం కనపడుతోంది?" అనేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. చీకటిపడేదాకా ఆ ఇద్దరూ అలా ఒకరికెదురుగా ఒకరు, ఒకరు చూస్తూ ఒకరు చూడకుండా. నేను ఇంట్లోంచి వాళ్ళని చూడలేక తలుపు మూసేవాణ్ణి.

ఒకనాడు "ఏం కనపడుతోంది?" అంటే ఆయన చాలాసేపు కళ్ళు చిట్లించి, "నీ పాపిట్లో తెల్లవెంట్రుక" అన్నాడు.

"చూపొచ్చీ రాగానే ఇదా చూడాల్సింది?" అని గయ్యిమని లేచి, లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది.

కథ ఇక్కడితో ఆపెయ్యచ్చు. కానీ రెండోవాడి సంగతి చెబుతానన్నాను.

అన్నయ్య పట్టుబడ్డ మర్నాటి సాయంత్రం. నేనూ అన్నయ్యా డాక్టరు గుమ్మంలో కూర్చుని ఉన్నాం. ఈల కొండదారి బండిలో ఉన్నాడు. క్యాంటీన్లో వదిన ఒక్కతే రేకు మూత దించబోతుంటే, కంత అంచు మీద వేళ్ళు కనిపించాయి. అవి తడుముకోలేదు, దారి బాగా తెలిసినట్టు వచ్చాయి. పళ్ళెంలో టోకెను లేదు. చొక్కా చెయ్యి మడిచి ఉంది, దానికి ఇత్తడి బొత్తాలున్నాయి. మా డిపో ఇత్తడి బొత్తాలు మానేసి అప్పటికి ఒక తరం దాటింది. చెయ్యి తడిగా ఉంది, క్వారీ బురద వాసన వేసింది. బొటనవేలు ఎక్కడా అడ్డం లేదు. వదిన గోళ్ళు చూసింది, చర్మం గిల్లింది, ముందు నీళ్ళు ఇచ్చింది, తర్వాత అన్నీ వడ్డించింది. చూపుడు వేలు ఆడింది. ఇంకో గరిటె వేసింది. పిడికిలి బిగిసింది. కాసేపటికి పళ్ళెం తొట్టిలో దొరికింది, మెతుకు లేదు, ఆకు ముక్క లేదు. అది మా క్యాంటీను పళ్ళెం కాదు. అంచున పాత డిపో ముద్ర ఉంది.

ఆ పళ్ళెం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఇదంతా రాసి మొన్న వదిన ముందు కూర్చుని చదివి వినిపించాను. ఆమె ఒక పళ్ళెంలో పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆఖరిదాకా విన్నది.

"అన్నీ అబద్ధాలే" అంది. "ఆ క్యాంటీన్లో కంతెక్కడుంది? తలుపు తీసుకుని బల్ల మీదే వడ్డించేదాన్ని. మీ అన్నయ్య కళ్ళకేం రోగం? ఆఖరి రోజువరకూ సూదిలో దారం ఎక్కించారు. ఆ ఈల ఎవడో నేనెరగను. చచ్చినవాళ్ళు అన్నానికి రారు."

"మరి నీ ఒళ్ళో ఉన్న ఆ పళ్ళెం?"

"సంతలో కొన్నాను."

"దాని అంచున ముద్ర?"

"సొట్ట. ఏదీ, చెయ్యి ఇలా చాపు."

చాపాను. ముంజేతి మీద గట్టిగా గిల్లింది. చర్మం గిల్లినచోటే లేచి నిలబడిపోయింది. ఆమె దానికేసి చూసి, లేచి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"చూశావా! ఇలాగే గిల్లేదానివి" అన్నాను.

"ఎవరు? నేనా?" అంది వదిన, మళ్ళీ పప్పులోకి తల వంచుకుంటూ. "నేను నిన్ను గిల్లనే లేదు."